కోరితే ఇచ్చే బొమ్మ ఇవ్వలేనిది

మా గోదావరి జిల్లాల్లో సినిమాని "బొమ్మ" అంటారు. "కొత్త బొమ్మ పడిందిట." "ఎలా వుందిట బొమ్మ?" "ఏం బొమ్మండీ, వారం కూడా ఆడలేదు!" ఇలా సాగుతాయి మాటలు. ఆ మాటకి పుట్టుక ఎక్కడో పండితులు తేల్చాలిగానీ, నా మటుకు నాకు తోలుబొమ్మలాటే గుర్తొస్తుంది. కాకినాడ పక్కనున్న మాధవపట్నం తోలుబొమ్మలాటకి పేరుపడిన వూరు. తోలుని పల్చగా గీకి, రంగులద్ది, కాళ్ళూ చేతులూ విడివిడిగా కదిలేట్టు కీళ్ళ దగ్గర ముడివేసి, తెల్లటి తెర వెనక దీపం పెట్టి ఆడిస్తారు. తెరా, వెలుగూ, కదిలే బొమ్మా, ఈ మూడూ వున్నాక అది సినిమా కాక మరేమిటి చెప్పండి!

ఇవాళ నేను చెప్పబోయేది మూడు బొమ్మల గురించి. మూడూ అక్కచెల్లెళ్ళే. పెద్దది 1926లో జర్మనీలో పుట్టింది. చిన్నది 1992లో అమెరికాలో పుట్టింది. ఆ రెండూ అచ్చంగా బొమ్మల సినిమాలు. మధ్యది మన ఇంటిపిల్ల, 1951 నాటి "పాతాళభైరవి". అందులో ఆడిందీ పాడిందీ మనుషులే అయినా, కథంతా ఒక బొమ్మ చుట్టూ తిరుగుతుంది కనక దాన్ని కూడా ఈ వరసలో కూర్చోబెడుతున్నాను. ముగ్గుర్నీ పక్కపక్కన నిలబెట్టి చూస్తే మన పిల్ల గొప్పేమిటో, లోటేమిటో తెలుస్తుంది. మన పిల్ల కదా అని లోటు దాచిపెట్టక్కర్లేదు, పరాయిపిల్ల ముందు గొప్ప చెప్పుకోవడానికి సిగ్గుపడనూ అక్కర్లేదు.

ముందు పుట్టింటి సంగతి చెప్పుకుందాం. "కాశీమజిలీ కథలు" రాసిన మధిర సుబ్బన్న దీక్షితులుగారు మన రాజమండ్రిలో వుండి రాసినవారు. పన్నెండు భాగాల పుస్తకం. వెనకటి తరం ఆడవాళ్ళు మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని, కొంగు పరుచుకుని నడుం వాల్చి చదువుకున్న పుస్తకాల్లో ఇదొకటి. మణిసిద్ధుడనే ఆయన కాశీకి కాలినడకన బయల్దేరతాడు. అంతదూరం తోడొచ్చేవాళ్ళెవరు? చివరికి పశువులు కాసుకునే కుర్రాడొకడు సరేనంటాడు, ఒక షరతు మీద. దారిలో తనకి ఏ వింత కనిపించినా, దాని కథేమిటో ఆయన చెప్పి తీరాలి. అంతే! జీతం లేదు, బత్తెం లేదు, కథే కూలి. మజిలీకొక కథ చొప్పున నడక సాగుతుంది. మూట మొయ్యడం పిల్లాడి వంతు, అడిగినదానికి జవాబు చెప్పడం పెద్దాయన వంతు. ఈ ఏర్పాటు మనసులో వుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఆ మజిలీల్లో వినిపించిన పాతాళభైరవి కథని బీజంగా తీసుకుని, దానికి అరేబియన్ నైట్స్‌లోని అల్లావుద్దీన్ అద్భుతదీపం కథని అంటుకట్టి సినిమా చేశారు విజయావారు. ఆ అల్లావుద్దీన్ కథకీ ఒక మజిలీ వుంది. 1709లో ప్యారిస్‌లో, అలెప్పో నుంచి వచ్చిన హన్నా దియాబ్ అనే ఆయన నోటివెంట విని, ఆంత్వాన్ గాలాన్ అనే ఫ్రెంచి పండితుడు దాన్ని తన పుస్తకంలోకి ఎక్కించాడు. కథలకి కాళ్ళుంటాయంటే ఇదే మరి. సిరియా నుంచి ఫ్రాన్సుకి, ఎక్కడెక్కడో తిరిగి మద్రాసుకి వచ్చి, అక్కడ గోదావరి ఒడ్డునుంచి వెళ్ళిన కథతో వియ్యమందింది.

నాగిరెడ్డి, చక్రపాణిగార్లు నిర్మాతలు. దర్శకుడు కె.వి.రెడ్డిగారు. మాటలూ పాటలూ పింగళి నాగేంద్రరావుగారివి, సంగీతం ఘంటసాలగారిది, కెమెరా మార్కస్ బార్ట్‌లీది. తోటరాముడు ఎన్.టి.రామారావు, రాజకుమారి ఇందుమతి కె.మాలతి. తెలుగులోనే కాక తమిళంలోనూ, 1952లో హిందీలోనూ వచ్చింది. అదే ఏడు బొంబాయిలో మొదలైన అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలోనూ చూపించారు. మా వైపు వాళ్ళకి ఇంకో ముచ్చట కూడా వుందండోయ్. నేపాళ మాంత్రికుడు ఎస్.వి.రంగారావు సినిమాల్లోకి వెళ్ళకముందు కాకినాడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్బు నాటకాల్లో ఆరితేరినవాడు. రాజుగారి బావమరిదిగా నవ్వించిన రేలంగి రావులపాడులో పుట్టి కాకినాడలో పెరిగినవాడు.

కథ మీ అందరికీ తెలిసిందే అయినా, ఆనవాలుకి నాలుగు మాటలు. తోటరాముడికీ ఇందుమతికీ ఒకరంటే ఒకరికి ఇష్టం కలిగింది. రాజుగారు "నాతో సమానంగా సంపద తెచ్చి చూపించు, పిల్లనిస్తా"నన్నారు. అదే వేళకి మాంత్రికుడొకడు సాహసమూ తెలివీ కలిసిన కుర్రాడి కోసం వెతుకుతున్నాడు. అలాంటివాణ్ణి పాతాళభైరవికి బలి ఇస్తే, కోరిందల్లా ఇచ్చే బొమ్మ చేతికొస్తుంది. డబ్బు ఆశ చూపించి రాముణ్ణి గుహలోకి తీసుకెళ్ళాడు. అక్కడ మొసలి రూపంలో శాపం అనుభవిస్తున్న ఒకామె, రాముడి చేతిలో శాపం తీరి, జరగబోయేది చెప్పి హెచ్చరించింది. బలి ఇవ్వాలనుకున్నవాడే బలైపోయాడు. బొమ్మ రాముడికి దక్కింది, మేడ లేచింది, పెళ్ళి కుదిరింది. ఇంతలో శిష్యుడు సదాజపుడు గురువుగారిని బతికించాడు. రాజుగారి బావమరిది బొమ్మని దొంగిలించి మాంత్రికుడి చేతిలో పెట్టాడు. మేడా, రాజకుమారీ రెండూ మాయం! రాముడూ అంజిగాడూ వెతుక్కుంటూ వెళ్ళి, మాంత్రికుడి గడ్డం తీయించి, వాడి శక్తి పోగొట్టి, పిల్లని తెచ్చుకున్నారు.

ఈ సినిమా ఇన్నేళ్ళు నిలబడిందంటే కారణం మాయలూ మంత్రాలూ కావు. మాయలైతే ఇప్పుడు కంప్యూటరు ముందు కూర్చుని అంతకు పదింతలు చేసేస్తున్నారు. నేను చూసినంతలో కారణం ఏమిటంటే, ఇందులో మాయకి లెక్క వుంది. ఇంటి పద్దుపుస్తకం రాసే ఆడవాళ్ళం, మనకి ఈ సంగతి ఇట్టే తెలుస్తుంది. బొమ్మ వూరికే రాదు, ఒక ప్రాణం ఖరీదు. వచ్చిన బొమ్మ మంచివాడికే పనిచేస్తుందనీ లేదు, ఎవడి చేతిలో వుంటే వాడి మాట వింటుంది. మాంత్రికుడి శక్తి ఎక్కడో ఆకాశంలో లేదు, గడ్డంలో వుంది. ఎంత ఇచ్చారు, ఎంత పుచ్చుకున్నారు, ఎవరి దగ్గర ఎంత మిగిలింది, ప్రేక్షకుడికి ప్రతి క్షణం తెలుస్తూ వుంటుంది. అందుకే భయం వేసినప్పుడు నిజంగా భయం వేస్తుంది. ఇప్పటి మంత్రాల సినిమాల్లో హీరోకి ఎప్పుడు ఏ శక్తి కావాలంటే అది పుట్టుకొస్తుంది. అడిగినప్పుడల్లా అప్పిచ్చే కొట్లో సరుకు తెచ్చుకున్నట్టు వుంటుంది. అలాంటి చోట ఆత్రం ఎందుకు కలుగుతుంది?

ఇక అసలు సంగతికి వస్తాను. ఈ పద్దుపుస్తకంలో ఇందుమతి ఏ పేజీలో వుంది?

చూడండి, ఆ పిల్ల మీద హక్కు వుందనుకున్నవాళ్ళు ముగ్గురు. తండ్రి డబ్బు లెక్క వేశాడు, తనతో సమానంగా తెచ్చినవాడికిస్తానన్నాడు. రాజుగారి బావమరిది, అంటే పిల్లకి మేనమామ, వరస లెక్క వేశాడు. మేనరికం మన ఇళ్ళల్లో ఎంత పని చేసిందో, ఎన్ని కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చిందో మీకు నేను చెప్పక్కర్లేదు. రేలంగి చేశాడు కనక నవ్వుకున్నాంగానీ, మేనమామ వరస అనేది ఆ రోజుల్లో నవ్వులాట కాదు. మూడోవాడు మాంత్రికుడు, బలం లెక్క వేశాడు. బొమ్మ నా చేతిలో వుంది, మేడ నా గుప్పిట్లో వుంది, మేడతోబాటు పిల్లా నాదే అనుకున్నాడు. డబ్బు, వరస, బలం. ఆడపిల్ల పెళ్ళికి లోకం వేసే లెక్కలు మూడూ ఇందులో వచ్చేశాయి.

మరి ఇష్టం? అది ఏ లెక్కలోకీ రాకుండా ముందే జరిగిపోయింది. రాముడి దగ్గర బొమ్మ లేనప్పుడు, మేడ లేనప్పుడు, తోటమాలి ఇంటి పిల్లాడన్న పేరు తప్ప మరేమీ లేనప్పుడు కలిగిన ఇష్టం అది. ఇందుమతి పెట్టిన షరతు ఏదీ లేదు. షరతు పెట్టింది తండ్రి. అంటే ఆ అద్భుతమైన బొమ్మ ఇంత హంగామా చేసి తెచ్చిపెట్టింది తండ్రిగారి ఒప్పుదలని మాత్రమే. పిల్ల ఒప్పుదల బొమ్మ తెచ్చింది కాదు.

ఈ సంగతి నాకు తట్టేలా చేసింది మా మనవరాలు. అయిదో తరగతి చదువుతోంది. మొన్న సెలవుల్లో నా పక్కన కూర్చుని ఈ సినిమా చూస్తూ, మాంత్రికుడు రాజకుమారి కోసం గడ్డం తీయించుకునే ఘట్టం దగ్గర ఆపమంది. "అమ్మమ్మా, కోరిందల్లా ఇచ్చే బొమ్మ వుంది కదా వాడి దగ్గర! ఈ గొడవంతా ఎందుకు? తనని ఇష్టపడేట్టు చెయ్యమని ఆ బొమ్మనే అడగొచ్చుగా?" అంది. నేను ఈ సినిమా ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. పక్కన కూర్చుని చూసినవాళ్ళకీ లెక్కలేదు. ఈ ప్రశ్న అడిగినవాళ్ళు మాత్రం ఇంతకు ముందు ఎవరూ లేరు.

జవాబు మాటల్లో కాదు, జరిగినదాంట్లో వుంది. మేడని ఎత్తి ఎక్కడో పెట్టగల బొమ్మని గుప్పిట్లో పెట్టుకుని కూడా, లోకాన్ని గడగడలాడించిన ఆ మహామాంత్రికుడు ఒక ఆడపిల్ల మెచ్చుకుంటుందేమోనన్న ఆశతో గడ్డం వొదులుకున్నాడు! అంటే కోరిందల్లా ఇచ్చే బొమ్మ ఇవ్వలేనిది ఒకటుంది. ఆడదాని ఇష్టం. అది మేడతోబాటు కదలదు. ఆ ఒక్క చోటే వాడి లెక్క తప్పింది, ఆ తప్పులోనే వాడి చావు వుంది. రంగారావు ఆ ఘట్టాన్ని ఎలా చేశాడో మళ్ళీ చూడండి. అంతవరకూ భయపెట్టిన మనిషి, పెళ్ళిచూపులకి తయారవుతున్న ముదురు పెళ్ళికొడుకైపోతాడు. మనకి నవ్వొస్తుంది. ఆ నవ్వే తీర్పు.

చిన్నచెల్లెలు, 1992లో వాల్ట్ డిస్నీ సంస్థ తీసిన "అలాద్దీన్", ఇదే సంగతిని నోరు విప్పి చెప్పింది. రాన్ క్లెమెంట్స్, జాన్ మస్కర్ అనే ఇద్దరు దర్శకులు. దీపంలోంచి వచ్చిన నీలంరంగు భూతం మొదట్లోనే షరతులు చెప్పేస్తాడు: ఒకళ్ళని చంపమంటే చంపను, ఒకళ్ళని మరొకళ్ళ మీద ప్రేమ పడేట్టు చెయ్యలేను, చచ్చినవాళ్ళని బతికించను. తర్వాత దీపం దుర్మార్గుడైన జాఫర్ చేతిలో పడుతుంది. వాడు సరిగ్గా మా మనవరాలు చెప్పిన కోరికే కోరతాడు, రాజకుమారి జాస్మిన్‌కి తనమీద ప్రేమ పుట్టించమంటాడు. భూతం నావల్ల కాదనే లోపల, జాస్మిన్ మంత్రం పారినట్టే నటించి వాణ్ణి మాటల్లో పెడుతుంది. చక్కటి ఘట్టం. అయితే డిస్నీవారు నియమం చెప్పి కథ నడిపారు. మనవాళ్ళు నలభై యేళ్ళ ముందే నియమం చెప్పకుండా కథే నడిపారు. పిల్లలకి మొదటిది త్వరగా అర్థమవుతుంది. రెండోది ఎప్పుడో ఒకప్పుడు "అవును సుమా!" అనిపిస్తుంది. నాకు రెండోదే ఎక్కువ.

ఇక లోటు. పాత అల్లావుద్దీన్ కథలో మాంత్రికుడి పని పట్టింది ఎవరనుకున్నారు? రాజకుమారే. భర్తతో కలిసి ఉపాయం పన్నుతుంది. మాంత్రికుణ్ణి మంచిమాటలతో విందుకి కూర్చోబెట్టి, పానీయంలో మందు కలిపి ఇస్తుంది. ప్రాణభయాన్ని లోపల దాచుకుని, పైకి నవ్వుతూ, వడ్డించే చేత్తోనే శత్రువుని పడగొట్టిన పిల్ల ఆమె. మన సినిమాలో ఆ ఘనతలో ఎక్కువభాగం అంజిగాడికి పోయింది. సదాజపుడి వేషం వేసి, గడ్డం తీస్తే అందగాడివౌతావని మాంత్రికుణ్ణి నమ్మించేది వాడే. బాలకృష్ణ ఆ పాత్ర ఎంత బాగా చేశాడంటే ఈనాటికీ ఆయన పేరు అంజిగాడే. తోలుబొమ్మలాటలో జుట్టుపోలిగాడు వచ్చినప్పుడు జనంలో పుట్టే సందడి అంజిగాడు వచ్చినప్పుడు పుడుతుంది. దాన్ని నేను కాదనను. కానీ ఆ సందడిలో ఇందుమతికి మిగిలినవి కన్నీళ్ళు. "ఒప్పుకోను" అనడం గొప్ప పనే. ఒప్పుకోనన్న పిల్లకి ఆ తర్వాత చెయ్యడానికి మరొక పని కూడా ఇచ్చివుంటే, ఈ సినిమాకి ఎదురుండేది కాదు.

ఇక్కడే పెద్దక్క గుర్తొస్తుంది. 1926 నాటి "ప్రిన్స్ ఆక్మెద్ సాహసాలు". ఇప్పటికి మిగిలివున్న పూర్తి నిడివి బొమ్మల సినిమాల్లో అన్నిటికన్నా పాతది. డిస్నీగారి స్నోవైట్ 1937లో వచ్చిందని గుర్తుంచుకుంటే ఎంత ముందో తెలుస్తుంది. తీసింది లొట్టె రైనిగర్ అనే ఆడమనిషి. సినిమా బయటికొచ్చేనాటికి ఆవిడకి 26 యేళ్ళు. పాట్స్‌డామ్‌లో ఒక బ్యాంకరుగారి గరాజు మీద గది. చేతిలో కత్తెర. నల్లటి అట్ట కత్తిరించి, పల్చటి సీసపురేకు జోడించి, కీళ్ళు తీగతో ముడివేసి బొమ్మలు చేసేది. గాజుబల్ల మీద పరిచి, కింద దీపం పెట్టి, పైనుంచి కెమెరాతో ఒక్కొక్క కదలికనీ ఫొటో తీసేవారు. చెయ్యి వెంట్రుకవాసి జరపడం, ఫొటో తియ్యడం, మళ్ళీ జరపడం, ఇలా మూడేళ్ళు. కెమెరా దగ్గర ఆవిడ భర్త కార్ల్ కోఖ్. చుక్క తప్పకుండా వాకిలి నిండా ముగ్గు పెట్టినవాళ్ళకి ఆ ఓపిక ఏమిటో తెలుస్తుంది. మాధవపట్నం బొమ్మలకీ ఈవిడ బొమ్మలకీ తేడా ఒక్కటే, మనవి రంగుల్లో మెరుస్తాయి, ఆవిడవి నల్లటి నీడలు.

కథ అరేబియన్ నైట్స్ నుంచి ఏరుకున్నదే. ఎగిరే గుర్రం వుంది, దీపం వుంది, ఒక మాంత్రికుడున్నాడు. రైనిగర్ సినిమాలో తప్పులు లేవని కాదు. రాజకుమారుడు జలకాలాడుతున్న పరీబాను ఈకల వస్త్రం దాచేసి ఆమెని లోబరుచుకోవడం ఇవాళ చూస్తే చివుక్కుమంటుంది. కానీ చివరి యుద్ధం వుంది చూశారూ! మాంత్రికుణ్ణి ఓడించింది వీరుడూ కాదు, విదూషకుడూ కాదు, అగ్నిపర్వతం మీద వుండే ఒక ముసలి మంత్రగత్తె. చూడ్డానికి వికారంగా వుంటుంది, మనసు మంచిది. మాంత్రికుడు ఒక రూపం ఎత్తితే ఆవిడ దానికి మించిన రూపం ఎత్తుతుంది. అలా పోరాడి పోరాడి దీపాన్ని గెలిచి తెస్తుంది. కత్తెర పట్టింది ఆడది కనక కత్తి కూడా ఆడదాని చేతికిచ్చిందని నేననుకుంటాను. మంత్రగత్తె అంటే చెడ్డది, ముసలిదంటే పనికిరానిది అనే కథలమధ్య పెరిగినవాళ్ళకి ఈ ముసలావిడ పెద్ద ఓదార్పు.

మన సినిమాలో అలాంటి బలం వున్న ఆడది ఎవరూ లేరా అంటే, ఒకావిడ వుంది. బొమ్మే! గిరిజ వేసిన పాతాళభైరవి. సినిమాలో అందరికన్నా శక్తి ఆవిడదే. కానీ ఆవిడ చేసేదల్లా ఎవరు పిలిస్తే వారి ముందు నిలబడి, ఏం కావాలని అడగడం. రాముడు పిలిచినా అదే ప్రశ్న, మాంత్రికుడు పిలిచినా అదే ప్రశ్న. పొద్దున్నే కాఫీ దగ్గర్నుంచి రాత్రి మజ్జిగ దాకా ఇంటిల్లిపాదినీ ఏం కావాలని అడిగే మనకి ఆవిడని చూస్తే నవ్వూ వస్తుంది, ఇంకేదో కూడా వస్తుంది. డిస్నీ సినిమాలో అలాద్దీన్ ఒకచోట దీపంలోని భూతాన్ని, "ఇంతకీ నువ్వైతే ఏం కోరుకుంటావు?" అని అడుగుతాడు. స్వేచ్ఛ, అంటాడు భూతం. చివరి కోరికతో అలాద్దీన్ దాన్ని ఇచ్చేస్తాడు. ఆ ఒక్క విషయంలో చిన్నచెల్లెలు మనదానికన్నా ఒక మెట్టు పైన వుంది, ఒప్పుకోవాలి.

ఇదంతా డెబ్భయ్యేళ్ళు దాటిన సినిమా గురించి ఇప్పుడెందుకూ అంటారేమో. ఎందుకంటే, ఒప్పుకోని పిల్ల వెంటపడి, ఆటపట్టించి, బెదిరించి, చివరికి "సరే" అనిపించుకోవడం 1951లో మాంత్రికుడు చేసిన పని. ఆ తర్వాతి దశాబ్దాల్లో మన సినిమాల్లో అదే పని ఎంతమంది హీరోలు చేశారో లెక్కపెట్టండి. వేళ్ళు చాలవు. వెంటపడితే దక్కుతుందని తెరమీద పాఠం చెప్పించుకున్న కుర్రాళ్ళు, దక్కనప్పుడు ఏం చేస్తున్నారో పేపర్లో చదువుతూనే వున్నాం. యాసిడ్ సీసాల గురించి, కత్తుల గురించి ఈ పేజీలో ఎక్కువ రాయను. కానీ కాదన్న పిల్ల కాదన్నట్టే అన్న సంగతి పిల్లలకి కథలోనే తెలియాలి. పెద్దయ్యాక చెబితే వినరు. పాతాళభైరవిలో వెంటపడినవాడు మాంత్రికుడు, వాడు ఓడిపోయాడు. అంత స్పష్టంగా చెప్పిన పిల్లల కథ మన సినిమాల్లో మళ్ళీ ఎన్ని వచ్చాయి?

బొమ్మల సినిమా తియ్యడం మనకి చేతకాని విద్యేమీ కాదు. 2006 సంవత్సరానికి "కిట్టు" అనే తెలుగు బొమ్మల చిత్రానికి జాతీయ బహుమతి వచ్చింది. దేశంలో పిల్లలందరూ చూసిన ఛోటా భీమ్ తయారైంది హైదరాబాదులో. అంచేత, పనితనం వుంది, డబ్బూ వుంటే వుండచ్చు. కాశీమజిలీల్లో కథలకి కొదవలేదు. కావలసిందల్లా ఎవరైనా పూనుకుని, ఆ పన్నెండు భాగాల్లోంచి ఓ కథ తీసి, తోలుబొమ్మల రంగుల్లో, మాధవపట్నం కళాకారుల చేతివాటం కలుపుకుని, బొమ్మలు కదిలించడమే.

తీసేవాళ్ళకి ఓ గృహిణిగా నా పట్టీ కూడా రాసిస్తున్నాను. మాయకి లెక్క తప్పనివ్వకండి, దేనికెంత ఖరీదో పిల్లలకి తెలియనివ్వండి. అంజిగాడిని వుంచండి, వాడు లేకపోతే మా ఇంట్లో ఎవరూ చూడరు. పాత కథలో రాజకుమారి చేతిలో వున్న మందుపొట్లం మళ్ళీ ఆ పిల్ల చేతికే ఇవ్వండి. బొమ్మని కూడా ఏం కావాలని ఒక్కసారి అడిగించండి. అన్నిటికన్నా ముఖ్యం, ఆ పశువులు కాసే కుర్రాడిని కథలోంచి తీసెయ్యకండి. ప్రతి మజిలీలోనూ వాడు "ఇదెందుకిలా జరిగింది?" అని అడగాలి, పెద్దాయన తప్పించుకోకుండా జవాబు చెప్పాలి. మా మనవరాలిలాంటి పిల్లలు తెర బయట కూర్చుని అడిగే ప్రశ్నలు తెర లోపలే ఎవరో ఒకరు అడిగితే, సినిమా సగం దారి పడ్డట్టే.

అలాంటి బొమ్మ రాజమండ్రిలో పడ్డ రోజున నేను మొదటాటకే వెడతాను. మీరూ రండి. మనవరాళ్ళని వెంటబెట్టుకుని రండి. మనవల్ని మాత్రం ఇంట్లో వదిలేసి రాకండి, వాళ్ళే ముందు వరసలో కూర్చోవాలి.